చెట్టు కొట్టని గోల్ఫ్

కాలిఫోర్నియా వెళ్ళి గోల్ఫ్ ఆడొచ్చానంటే మా వీధిలో ఇంకా ఎవరూ నమ్మలేదు. నమ్మకపోవడంలో వాళ్ళ తప్పేం లేదు. గోల్ఫ్ అంటే మనకు తెలిసిందల్లా ఎత్తైన ప్రహరీ, గేటు దగ్గర సెక్యూరిటీ, లక్షల్లో సభ్యత్వం, ఊరంతా బిందెలు పట్టుకుని ట్యాంకరు కోసం నిలబడ్డ మే నెలలో కూడా లోపల నిగనిగలాడే పచ్చిక. నేను ఆడినదానిలో ఇవేవీ లేవు. బంతి లేదు, కర్ర లేదు, చివరికి గొయ్యి కూడా లేదు. దాని పేరు డిస్క్ గోల్ఫ్. గుండ్రటి ప్లాస్టిక్ డిస్క్‌ని విసురుకుంటూ వెళ్ళి, గొలుసులు వేలాడే ఇనప బుట్టలో పడెయ్యాలి. పడ్డచోటు నుంచే మళ్ళీ విసరాలి. ఎన్ని విసుర్లకు బుట్టలో పడితే అంత స్కోరు, తక్కువ వచ్చినవాళ్ళు గెలిచినట్టు. రూల్సు ఇంతే. మిగతా సంగతి చెట్లు చూసుకుంటాయి.

పాసడీనా ఊరికి ఉత్తరపు అంచున, శాన్ గేబ్రియల్ కొండల కింద హహమోంగ్నా వాటర్‌షెడ్ పార్కు ఉంది. ఆ పేరు ఇక్కడ పూర్వం ఉన్న టోంగ్వా తెగవాళ్ళ పల్లెది. ఒకప్పుడు దీన్ని ఓక్ గ్రోవ్ పార్కు అనేవాళ్ళు, డిస్క్ గోల్ఫ్ ఆడేవాళ్ళు ఇప్పటికీ అలాగే అంటారు. 1975లో ప్రపంచంలో మొదటి శాశ్వత డిస్క్ గోల్ఫ్ కోర్సు వెలిసింది ఈ ఓక్ చెట్ల కిందే. మా మేనల్లుడు ఆ దగ్గర్లోనే అద్దెకుంటాడు. నన్ను డిస్నీలాండ్‌కి తిప్పాలని వాడి పట్టుదల, అంత డబ్బు పోసి క్యూల్లో నిలబడలేనని నా పట్టుదల. చివరికి వాడే, "అయితే టికెట్టూ క్యూ లేని చోటు ఒకటుంది అత్తా, కాకపోతే బాగా నడవాలి" అన్నాడు. నడక అన్నాడు కాబట్టే బయల్దేరాను.

210 ఫ్రీవే దిగి ఓక్ గ్రోవ్ డ్రైవ్ మీదికి మళ్ళితే, రోడ్డు కొసన నాసావాళ్ళ జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ. జేపీఎల్ అంటే తొందరగా గుర్తొస్తుంది. ఆ రోడ్డు పక్కనే పార్కు. తూర్పున అరోయో సెకో అనే వాగు. ఏడాదిలో ఎక్కువ నెలలు అందులో ఇసకే తప్ప నీళ్ళుండవు. వానలకు విరుచుకుపడుతుందని 1920లో కింద డెవిల్స్ గేట్ అని ఒక డ్యామ్ కట్టారు. 1936 అక్టోబరు 31న ఫ్రాంక్ మలీనా, జాక్ పార్సన్స్ అనే కుర్రాళ్ళు, వాళ్ళ స్నేహితులు తమ మొదటి రాకెట్ ఇంజను పరీక్ష చేసింది ఈ వాగు ఇసకలోనే. ఆక్సిజన్ గొట్టానికి నిప్పంటుకుని అందరూ పరుగు లంకించుకున్నారట. ఆ పరుగులోంచే జేపీఎల్ పుట్టింది.

ఇక చెట్లు. కోస్ట్ లైవ్ ఓక్ అంటారు వీటిని. శీతాకాలానికి బోడిగా మారే ఓక్ కాదిది, ఏడాది పొడుగునా ఆకుంటుంది. రెండు వందల ఏళ్ళకు పైగా బతికే జాతి. ఆకు నా బొటనవేలంత. వీపు ఉబ్బుగా, లోపలి వైపు గుంటగా ఉండి అంచున సన్నటి ముళ్ళుంటాయి. రాలి ఎండిన ఆకుల్లోంచి డిస్క్ తీద్దామని వంగితే వేళ్ళకు చురుక్కుమంటాయి. కాండం నిటారుగా పోయేది తక్కువ. తల ఎత్తు దాటీ దాటకముందే పక్కకు తిరిగి, ఒక్కో కొమ్మ నేలకు సమాంతరంగా చాలా దూరం పోయి, ఏదో గుర్తొచ్చి మళ్ళీ పైకి లేస్తుంది. టోంగ్వావాళ్ళు ఈ చెట్టు కాయల్ని దంచి, పిండిలోని వగరు పోయేదాకా నీళ్ళు మారుస్తూ కడిగి, జావ కాచుకునేవాళ్ళు. ఈ చెట్టుకు ఎండాకాలం నీళ్ళు పెడితే మేలు జరగదు, వేరుకు తెగులు పట్టి చావొచ్చు. గోల్ఫ్ పచ్చికకు రోజూ నీళ్ళు కావాలి. అంటే ఈ చెట్టూ ఆ ఆటా ఒక చోట కాపురం చెయ్యడం కష్టం. డిస్క్ గోల్ఫ్‌కి ఆ తంటా లేదు. మట్టి, ఎండుటాకులు, రాళ్ళు, వేళ్ళు ఎలా ఉన్నవి అలా ఉంటాయి, ఆట వాటి మధ్యలోంచి దారి చూసుకుంటుంది.

విసరడం మొదలుపెట్టే చోటుని టీ అంటారు. అక్కడ నిలబడితే కొన్నిసార్లు బుట్ట కనిపిస్తుంది, కొన్నిసార్లు ఒక కొమ్మ సందులోంచి దాని పై పట్టీ మాత్రం తళుక్కుమంటుంది. దూరం పెద్దదేం కాదు, చాలా బుట్టలు వంద మీటర్లకు అటూ ఇటూ. డిస్క్‌ని 338 మీటర్లు విసిరిన రికార్డు ఒకటి నెవాడా ఎడారిలో 2016లో నమోదైంది. ఆ భుజబలం ఇక్కడికి పనికిరాదు. ఎడారిలో గాలీ, ఖాళీ ఉంటాయి, ఇక్కడ ఎదురుగా మాను ఉంటుంది. ఎంత గట్టిగా విసిరితే అంత గట్టిగా దానికి తగిలి వెనక్కొస్తుంది. పొట్టి కోర్సని చిన్నచూపు చూసే పిల్లల్ని ఈ చెట్లు బాగా ఏడిపిస్తాయని ఆ ఉదయమంతా కళ్ళారా చూశాను.

మాతోపాటు ఒక పెద్దాయన కలిశాడు. పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాడట. ముక్కూ మొహం తెలియనివాళ్ళు అలా కలిసి ఆడటం ఇక్కడ మామూలే. మిగతావాళ్ళు భుజాన సంచుల్లో ఇరవయ్యేసి డిస్కులు మోస్తుంటే ఆయన దగ్గర ఉన్నది ఒక్కటే, అంచులరిగి రంగు వెలిసిన పట్టర్, అంటే దగ్గరి విసుర్లకు వాడే డిస్క్. టీ దగ్గరకొచ్చి, ఎదురుగా ఉన్న మానుని ఒకసారి చూసి, డిస్క్‌ని కుడిపక్కకు కాస్త వంచి వదిలాడు. అది కుడివైపు చెట్లలోకి పోతున్నట్టే పోయి, వేగం తగ్గాక ఎడమకు ఒరిగి, మాను చుట్టూ తిరిగి బుట్టకు నాలుగడుగుల్లో వాలింది. ఆయన మొహంలో గొప్పేం లేదు. నావైపు తిరిగి, "మీ వంతు" అన్నాడు.

ఎలా పట్టుకోవాలో కూడా ఆయనే చూపించాడు. బొటనవేలు పైన, నాలుగు వేళ్ళూ అంచు లోపలికి మడిచి, చెయ్యి ఛాతీకి దగ్గరగా లాగి, చివర్లో మణికట్టు మాత్రం తడి చెయ్యి విదిల్చినట్టు విదిలించాలి. బలం భుజంలోది కాదట, ఆ విదిలింపుదేనట. నా డిస్క్ పదడుగులు చక్కగా వెళ్ళి ఒక కొమ్మకు టంగున తగిలి నా కాళ్ళ దగ్గరికే వచ్చింది. "చెట్టంటే తొంభై పాళ్ళు గాలే అత్తా" అన్నాడు మా వాడు. ఆటగాళ్ళలో పాత జోకట అది. మిగిలిన పది పాళ్ళకే నా డిస్క్ ఎందుకంత గురి చూసి తగులుతుందో వాడు చెప్పలేదు.

కుడిచేత్తో అలా విసిరిన డిస్క్ చివర్లో ఎడమకు ఎందుకు ఒరుగుతుంది? మా వాడు ఇంజినీరు, అడిగితే వదలడు. పైనుంచి చూస్తే డిస్క్ గడియారం ముల్లు తిరిగే వైపు తిరుగుతుంది. వేగం తగ్గి కిందికి దిగే సమయంలో గాలి దాని ముందు అంచుని పైకి ఎత్తబోతుంది. తిరుగుతున్న వస్తువుకి ఒక తిక్క గుణం ఉంది. దాన్ని ఎటు తోస్తే అటు వంగదు, తొంభై డిగ్రీలు తప్పించి వంగుతుంది. అందుకే ముందు అంచుని ఎత్తితే ఎడమ అంచు దిగుతుంది. ఇది తెలిసినవాడికి చెట్టు అడ్డం కాదు, దాన్ని చుట్టి వెళ్ళడానికి ఒక ఆధారం. డిస్కుల మీద నాలుగు అంకెలు అచ్చేసి ఉంటాయి, వేగం ఎంత, గాలిలో తేలడం ఎంత, మొదట కుడికి పోవడం ఎంత, చివర ఎడమకు ఒరగడం ఎంత అని. 1983లో డేవ్ డునిపేస్ అనే ఆటగాడు డిస్క్ అంచుని గుండ్రంగా కాకుండా ఏటవాలుగా చెక్కడంతో ఈ దూరాలూ ఈ వంపులూ సాధ్యమయ్యాయి. ఆ ఏడాదే పుట్టిన ఇన్నోవా కంపెనీ డిస్కులే ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపిస్తాయి.

అసలు మూలం మాత్రం వంటింట్లో ఉంది. 1937లో ఫ్రెడ్ మారిసన్ అనే కుర్రాడు, తర్వాత అతని భార్య అయిన లుసిల్, పాప్‌కార్న్ డబ్బా మూత విసురుకుంటూ ఆడారు. మూత సొట్టపోయాక కేకు చేసే పళ్ళెం దొరకబుచ్చుకున్నారు. మరుసటి ఏడు శాంటా మోనికా బీచ్‌లో వాళ్ళ ఆట చూసినాయనొకడు, అయిదు సెంట్ల పళ్ళేనికి పాతిక సెంట్లిస్తానన్నాడు. అక్కడ వ్యాపారం పుట్టింది. 1957లో మారిసన్ తన ప్లాస్టిక్ పళ్ళేన్ని వామ్-ఓ కంపెనీకి ఇచ్చాడు. ఆ కంపెనీ ఉండేది శాన్ గేబ్రియల్‌లో, ఈ పార్కు నుంచి కారులో కొద్దిసేపటి దారి. వామ్-ఓలో పనిచేసిన ఎడ్ హెడ్రిక్ ఆ పళ్ళెం పైన గాళ్ళు వేసి, గాలిలో అల్లల్లాడకుండా చేసి, 1967లో పేటెంట్ తీసుకున్నాడు. మనం చిన్నప్పుడు ఫ్రిస్బీ అని ఆడుకున్నది దానితోనే.

ఓక్ గ్రోవ్ కోర్సు కూడా హెడ్రిక్‌దే. మొదట్లో బుట్టలు లేవు, నేలలో పాతిన స్తంభాలుండేవి. డిస్క్ స్తంభానికి తగిలిందా లేదా అని రోజూ తగవులే. "తగిలింది" అని ఒకడు, "ఎక్కడ తగిలింది?" అని ఇంకొకడు. ఆ తగవు తీర్చడానికే ఆయన గొలుసుల బుట్ట తయారుచేశాడు. స్తంభం చుట్టూ గొలుసులు వేలాడతాయి, కింద తొట్టి ఉంటుంది. వేగంగా వచ్చిన డిస్క్ గొలుసులకు తగిలి, ఊపు చచ్చి, ఝల్లున తొట్టిలో పడుతుంది. ఆ చప్పుడే తీర్పు, ఇక వాదన ఉండదు. దానికి 1977లో పేటెంట్ వచ్చింది. అంతకుముందు ఏడాదే ఆటగాళ్ళ సంఘం పెట్టి, సభ్యత్వం నంబరు ఒకటి తనే తీసుకున్నాడు. 2002లో ఆయన పోయాక, ఆయన కోరిక ప్రకారం అస్థికల బూడిదను ప్లాస్టిక్‌లో కలిపి డిస్కులు పోశారు. గోదావరిలో కలపడం తెలిసిన మనకు వినగానే అదోలా ఉంటుంది. పెద్దాయన మాత్రం అది చెప్పి, "ఆయన ఇంకా ఎగురుతూనే ఉన్నాడు" అని మామూలుగా నడిచిపోయాడు. ఆలోచిస్తే తప్పు పట్టడానికి నాకూ ఏమీ కనిపించలేదు.

మధ్యాహ్నం దగ్గరపడేసరికి జేపీఎల్ వైపు నుంచి ఇద్దరొచ్చారు, మెడలోని గుర్తింపు కార్డులు చొక్కా జేబుల్లోకి దోపుకుంటూ. వాళ్ళని చూడగానే నాకు బాబ్ బలరామ్ గుర్తొచ్చాడు. మన మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ స్కూల్లో చదివి, మద్రాసు ఐఐటీ మీదుగా ఇక్కడికొచ్చి, అంగారకుడి మీద ఎగిరిన ఇంజెన్యూటీ హెలికాప్టర్‌కి చీఫ్ ఇంజినీరైనవాడు. అక్కడి గాలి సాంద్రత మన గాలిలో వందో వంతు. అంత పలచటి గాలిలో రెక్కలు ఆనతాయా అన్నవాళ్ళ ముందు, 2021 ఏప్రిల్ 19న అది మూడు మీటర్లు లేచి నిలబడింది. ఆ తర్వాత మొత్తం 72 సార్లు ఎగిరింది. జేపీఎల్ కంచెకు అవతలివాళ్ళు వందో వంతు గాలితో అంత పని చేస్తే, ఇవతల నిండు గాలిలో నా డిస్క్ కొమ్మ దాటడానికి మొరాయించింది.

దారి తప్పిన డిస్క్ కోసం పొదల్లోకి పోబోతుంటే మేనల్లుడు చెయ్యి పట్టి ఆపాడు. "అక్కడ కాలు పెట్టకు అత్తా, పాయిజన్ ఓక్." మూడేసి ఆకులు, కాస్త మెరుపు, ఎర్రబారిన కొసలు. ఓక్ అని పేరే కానీ ఓక్ కాదు. దీని నూనె తగిలితే ఒళ్ళు దద్దుర్లెక్కి రోజుల తరబడి దురద. చదివి చూస్తే ఇది మన మామిడికీ జీడికీ దగ్గరి చుట్టం. పలాసలో జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్ళ వేళ్ళు చూసినవాళ్ళెవరికీ దీని గురించి వేరే చెప్పక్కర్లేదు. పెంకులోని జిగురు తగిలి వేళ్ళ కొసలు నల్లబడి, తోలు లేచిపోయి ఉంటాయి. ఆ కుటుంబం గుణమే అది, పండు తీపి, పాలు చురుకు. పొదలో పడ్డ డిస్క్‌ని ఒక పొడుగాటి కర్రతో లాగి, అంచుని మట్టితో రుద్ది గాని వాడు నా చేతికివ్వలేదు.

డిస్కుల అడుగున అందరూ ఫోన్ నంబరు రాసుకుంటారు. దొరికినవాళ్ళు ఫోన్ చేసి ఇచ్చేస్తారు. మేం ఆడుతుండగానే ఒక కుర్రాడు పసుపు డిస్క్ పట్టుకుని, దాని సొంతదారుకి మెసేజ్ పెడుతూ కనిపించాడు. అవతలివాడు రెండు నెలల క్రితం పోగొట్టుకున్నాడట. ఇది రూలు పుస్తకంలో లేదు, ఇక్కడ ఆడేవాళ్ళ పద్ధతి.

అంతా బాగుందని చెప్పి ఊరుకుంటే అది టూరిజం కరపత్రం అవుతుంది. బుట్ట దగ్గరి చెట్ల మీద, తరచూ దెబ్బ తగిలే ఎత్తులో, బెరడు గీతలు పడి పొరలు లేచి ఉంది. ఒకే దారిన వేల కాళ్ళు తొక్కితే నేల గట్టిపడుతుంది, గట్టిపడ్డ నేలలో ఓక్ వేరుకి ఊపిరాడదు. కుక్కల్ని తిప్పేవాళ్ళు, గుర్రాల మీద వచ్చేవాళ్ళు, పిక్నిక్ బల్లల దగ్గర పిల్లలు ఇదే నీడలో ఉంటారు. 170 గ్రాముల గట్టి ప్లాస్టిక్ తల మీద పడితే ఆట అనిపించదు. ఎవరైనా అటు వస్తుంటే ఆగి వాళ్ళను పోనివ్వాలి. ఆ ఉదయం అందరూ ఆగారు, ఒక జట్టు తప్ప. వాళ్ళని పెద్దాయన కేకలేశాడు. కొమ్మ అడ్డొస్తోందని కొట్టే ఆటగాళ్ళూ ఉంటారు, అలాంటివాళ్ళని మిగతా ఆటగాళ్ళు క్షమించరు. కొమ్మ కొట్టేస్తే ఇక ఆటేముంది?

అయినా లెక్క వేస్తే నా మొగ్గు ఈ ఆట వైపే. మామూలు పద్ధెనిమిది గుంటల గోల్ఫ్ కోర్సుకి నూట ఇరవై నుంచి నూట ఎనభై ఎకరాలు కావాలి. చెట్లు తియ్యాలి, నేల చదును చెయ్యాలి, నీళ్ళూ మందులూ పొయ్యాలి, ఆ తర్వాత గోడ కట్టి మిగతా ఊరిని బయట ఉంచాలి. ఇక్కడ ఉన్న చెట్టుని ఉన్నచోటే ఉంచి, దాన్నే ఆటలో కష్టమైన భాగం చేశారు. చెట్టుకు విలువ ఇవ్వడంలో ఇంతకన్నా తెలివైన పద్ధతి నేను చూడలేదు.

మన మునిసిపల్ పార్కుల్లో జరుగుతున్నది దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. ముందు టైల్సు వస్తాయి. తర్వాత పసుపు, నీలం రంగుల వ్యాయామం మిషన్లు. చెట్టు మొదట్లో సిమెంటు దిమ్మె. మిగిలిన కాస్త పచ్చిక మీద "నడవరాదు" అని బోర్డు. పిల్లలు ఆడుకోవడానికి పార్కుకెళ్తే వాచ్‌మన్ ఈల వేస్తాడు. వాళ్ళు రోడ్డు మీదే క్రికెట్ ఆడుకోవాలి. ఈ ఆటకి మన దగ్గరా చోటుంది. శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా జీడితోపులు చూడండి, ఆ కొమ్మలూ ఇలాగే నడుమెత్తున పక్కకు పాకుతాయి. సముద్రం ఒడ్డున సరుగుడు తోటలున్నాయి. బుట్ట అంటారా, ఇనప గొట్టం, రెండు రింగులు, పాతిక గొలుసు ముక్కలు. అనకాపల్లిలో ఏ వెల్డింగ్ షాపువాడికి చూపించినా ఒక రోజు పని. మాట్లాడితే జాగా లేదు, నిధులు లేవు అనే కమిషనర్ల కోసం ఈ నాలుగు వాక్యాలూ రాస్తున్నాను.

పిల్లల దగ్గరికి లాస్ ఏంజెలస్ వైపు వెళ్ళే అమ్మానాన్నలు చాలామంది ఉన్నారు, వాళ్ళకి మాత్రం వేరుగా చెప్తున్నాను. హాలీవుడ్ బోర్డు ఎదుట ఫొటో దిగాక ఒక ఉదయం ఇక్కడికి రండి. చెప్పులొద్దు, బూట్లేసుకోండి, చెట్ల వేళ్ళ మీద కాలు జారుతుంది. పొదల్లో మూడేసి ఆకులు కనిపిస్తే చెయ్యి పెట్టకండి, పాములు కూడా ఉంటాయి. కొత్తవాళ్ళకి ఒక్క పట్టర్ చాలు, పది నుంచి ఇరవై డాలర్ల లోపు దొరుకుతుంది. దాని మీద ముందు మీ అబ్బాయి ఫోన్ నంబరు రాయించండి. ఆడటానికి ఫీజు లేదు.